నానమ్మ సవతికి నాడి దొరికింది

రేయ్, నమ్మితే నమ్మండి, లేదంటే వచ్చి బస్సు బానెట్ మీద చెవి పెట్టి చూస్కోండి. పందెం!

మా తాత డ్రైవరు తెలుసుగా. పెళ్లికి ముందునుంచీ ఒకటే బస్సు. ఇంటికొచ్చినా దాని కబుర్లే. అందుకే నానమ్మ దాన్ని "నా సవతి" అంటుంది.

ఆమధ్య దాన్ని మూలన పడేశారు. అంతే, తాత మంచమెక్కాడు. ఆస్పత్రిలో గుండె మీద బిళ్లంత ప్యాచ్ అతికించారు. వైర్లూ గీర్లూ ఏం ఉండవు. గుండె ఎలా కొట్టుకుంటోందో, జ్వరమెంతో, అన్నీ నర్సక్క ట్యాబ్‌లో కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే అక్క ట్యాబ్ చూసి పెదవి విరుస్తుంది. నానమ్మ "ఓ ముద్ద తిను" అంటుంది. ఈయనేమో కిటికీలోంచి ఎదురుగా ఉన్న డిపో వైపే చూస్తాడు. సవతి అక్కడే ఉంది, తుక్కు కింద అమ్మేశారు.

ఓరోజు తుక్కాయన గ్యాస్ కట్టర్ పట్టుకొచ్చాడు. ఇక్కడ తాత నంబర్లు జారుడుబండ ఎక్కినట్టు జర్రున కిందకి. ట్యాబ్ ఒకటే కుయ్ కుయ్.

"దాన్ని కోస్తే ఈ మనిషి దక్కడు" అంది నానమ్మ. "అమ్మాయ్, ఇంకో బిళ్ల ఇయ్యి."

"ఎవరికి మామ్మగారూ?"

"నా సవతికి."

అక్క ఇచ్చేసింది. నానమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి, తుక్కాయన్ని పక్కకి నెట్టి, స్టీరింగ్ పక్కన కొంగుతో తుడిచి అతికించింది.

ట్యాబ్‌లో రెండో గీత లేచింది. నీరసంగానే, కానీ కొట్టుకుంటోంది!

"ఆపండీ! నాడి ఉంది!" అక్క కిటికీలోంచి కేక.

తుక్కాయన కట్టర్ ఆర్పేశాడు. "ముందే చెప్పొద్దా పెద్దమ్మా? ప్రాణమున్నదాన్ని నేను ముట్టను."

డాక్టరొచ్చి బానెట్ మీద స్టెత్ పెట్టి, "నీరసం అంతే. ఆయిల్ పట్టండి, రోజూ కాస్త తిప్పండి" అని వెళ్లిపోయాడు. పైకెళ్లి చూస్తే తాత లేచి కూర్చుని అన్నం అడుగుతున్నాడు. ట్యాబ్‌లో రెండు గీతలూ ఒకటే తాళం.

ఇప్పుడది ఆస్పత్రి బస్సు. తగ్గినోళ్లని ఇళ్ల దగ్గర దింపుతుంది. డ్రైవరు తాతే. ముందు సీటు నానమ్మది. "వీళ్లిద్దర్నీ ఒంటరిగా వదుల్తానా?" అంటుంది, ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని. నిన్నయితే పెద్ద మలుపులో ఏమైందంటే

"ఒసేయ్! ఆ ఫోన్ అవతల పారేసి బిందెడు నీళ్లు పట్రా! నా సవతికి జ్వరం, రేడియేటర్ పొగలు కక్కుతోంది!"

రేయ్ ఉండండి, నానమ్మ