ఎర్రదారం వరసలు

నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా డాక్టరు అన్నయ్యనే అడిగేవాడు, "ఎలా ఉంటోంది మీ చెల్లెలు?" అని.

"గొడవేం లేదండీ" అనేవాడు అన్నయ్య. ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని ఉండేది.

చెవుల్లో వినిపించే గొంతులు తగ్గిన మాట నిజమే. కానీ రెండు నెలల కిందట మాత్ర మార్చాక చేతులు వణకడం మొదలైంది. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. దుకాణం నడిపే టైలరమ్మ రోజుకిచ్చే ఇరవై చొక్కాలను నాలుగుకు దించేసింది.

"నీ కాజాలో బొత్తాం దూరిందంటే మళ్ళీ బయటికి రానంటోందే తల్లీ" అని నవ్వి, "వచ్చే నెలకీ ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకుంటా" అంది.

వణుకు సంగతి ఆమె అన్నయ్యకు చెప్పి చూసింది.

"మాత్ర మానడానికి సాకులా? కిందటేడు మానేసి మమ్మల్ని ఎన్ని తిప్పలు పెట్టావో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆ తరువాత మేనకోడలిని మళ్ళీ ఆమె గదిలో పడుకోనిచ్చి మూడు నెలలే అయింది. ఇక నోరెత్తలేదు.

ఈసారి అన్నయ్యకు సెలవు దొరకలేదు. ఒక్కతే వెళ్ళింది.

డాక్టరు ఆమె వెనక తలుపు వైపు చూశాడు. "మీవాళ్ళెవరూ రాలేదా? మరి ఎలా ఉంటోందో ఎవరు చెబుతారు?"

ఆమె సంచిలోంచి ఒక తెల్లగుడ్డ తీసి బల్ల మీద పరిచింది. పనికి కూర్చునే ముందు చెయ్యి కుదరడానికి రోజూ ఒక వరస కుట్టడం ఆమెకు అలవాటు.

"రోజుకో వరసండీ. ఇదిగో, ఇక్కడ మాత్ర మార్చారు."

అంతవరకు గీత గీసినట్టున్న ఎర్రదారం అక్కడి నుంచి మెలికలు తిరిగింది. డాక్టరు చాలాసేపు చూశాడు.

"చేతులు చాపండి."

చాపింది. అతను వాటిని చూడడం అదే మొదటిసారి.

"మోతాదు తగ్గిద్దాం. రెండు వారాల్లో రండి. గుడ్డ తీసుకురండి."

ఇంటికొచ్చి మోతాదు తగ్గించిన మాట అన్నయ్యకు చెప్పింది. పొద్దు వాలుతుండగా వదిన వచ్చి, మేనకోడలి పరుపు చుట్టుకుని తన గదిలోకి తీసుకుపోయింది.

"ఊరికేనమ్మా, అక్కడ గాలి బాగా వస్తుందని" అంది, ఆమె వైపు చూడకుండా.

మర్నాడు పొద్దున ఖాళీ గదిలో కూర్చుని ఇంకో వరస కుట్టింది. వంకరగానే వచ్చింది. విప్పి సరిచేయబోయి ఆగింది. డాక్టరు చూడాల్సింది ఇదే.