అక్క రేడియోలో గిటారు

నందిగామ హైస్కూల్లో లెక్కలు చెప్పే వరప్రసాదరావుకి గిటారు వచ్చునని ఆ ఊళ్లో తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా అది చర్చిలో పాటల కోసమనుకునేవారు. నిజానికి అతను వీలైన ప్రతి శనివారం బస్సెక్కి బెజవాడ వెళ్లి, అక్కడి రైల్వే ఉద్యోగుల క్లబ్బులో జాజ్ వాయించి వచ్చేవాడు. టీచరు ట్రెయినింగు చదివే రోజుల్లో పక్క గదిలో ఉండే ముసలి ఇంజను డ్రైవరు నేర్పిన విద్య అది. ఆయన రిటైరై బెంగుళూరు వెళ్లిపోతూ తన గిటారుని ఇతని చేతిలోనే పెట్టి వెళ్లాడు.

క్లబ్బు బ్యాండుకి పెద్ద బాలస్వామి. రైల్వేలో గార్డు, పియానో వాయిస్తాడు. ఆయనతో పాటు ఒక శాక్సఫోను, డ్రమ్ములు. వాటి మధ్య గిటారు ఎవరికీ వినపడేది కాదు.

“మాస్టారూ, మీ చేతులు కదలడం కనపడుతోంది గాని ఏం వాయిస్తున్నారో పక్కనే ఉన్న నాకే తెలీట్లేదండి,” అన్నాడు బాలస్వామి ఒకరోజు. 1961 వానాకాలం అది. “గిటారుకి శబ్దం పట్టే పికప్ ఒకటి బిగించి, ఆంప్లిఫయరు తెచ్చుకోండి. పెద్దది మాత్రం వద్దు. మన హాలు ఎంతని? పెద్ద డబ్బా పెడితే ఎన్నికల ప్రచారంలా ఉంటది. పక్కన కూర్చుని మాట్లాడినట్టుండాలి గిటారు.”

తీగల కింద బిగించే పికప్ మద్రాసు నుంచి వచ్చింది. ఆంప్లిఫయరు సంగతే తేలలేదు. గిటారు కోసం చేసిన చిన్న ఆంప్లిఫయర్లు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతాయో బాలస్వామికి కూడా తెలియదు. గ్రామఫోను తగిలించుకోవడానికి వెనక రంధ్రాలున్న వాల్వు రేడియో ఏదైనా పనికొస్తుందని మాత్రం చెప్పాడు. నందిగామలో రేడియోలు అమ్మే కొట్టుకి గిటారు పట్టుకెళితే, కొట్టాయన అరలో ఉన్న చిన్న సెట్టు చూసి చెయ్యి అడ్డం ఊపాడు. “దీంట్లో ట్రాన్స్‌ఫార్మరు లేదండి. కరెంటు నేరుగా లోపలి రేకుకే వస్తది. గిటారు ఇనప తీగలు ముట్టుకున్నారంటే మిమ్మల్ని మోసుకెళ్లాల్సిందే.”

తరవాత జగ్గయ్యపేట వెళ్లాడు. అక్కడ పెళ్లిళ్లకీ మీటింగులకీ మైకుసెట్లు అద్దెకిచ్చే భవానీప్రసాద్ హైస్కూల్లో అతనికి క్లాస్‌మేటు. చిల్లకల్లులో పెద్ద భూములున్న పుష్పవతిగారి కొడుకు.

“ఏమయ్యా ప్రసాదరావూ, ఇదిగో ముప్ఫై వాట్లు. దీన్ని మించింది నా దగ్గరే లేదు,” అంటూ భవానీప్రసాద్ బూడిదరంగు రేకు డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. కొత్తది. నికెల్ మీటలు తళతళలాడుతున్నాయి. తగిలించి చూస్తే శబ్దం గచ్చు మీద గ్లాసు పడ్డట్టు వచ్చింది. తగ్గిస్తే పీలగా, పెంచితే చెవిలో గుచ్చుకునేలా ఉంది.

“బాగుందండీ,” అన్నాడు వరప్రసాదరావు. క్లాస్‌మేటుని కూడా అండీ అనకుండా మాట్లాడటం అతనికి ఎప్పుడూ రాలేదు.

ఆ ఆదివారం గిటారుతోనే చిల్లకల్లులో అక్క ఇంటికి వెళ్లాడు. అక్క కృపావతి అక్కడ సర్కారు నర్సు. కాన్పులు చేస్తుంది. అమ్మా నాన్నా కూలి పనులు చేసుకుంటూ ఒకరి వెనక ఒకరు పోయాక, చిన్నవాడైన తమ్ముణ్ణి హాస్టల్లో వేసి చదివించింది ఆమే. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, వీడి చదువు కానివ్వమనేది. చదువు అయింది గాని, ఆ మాట మళ్లీ ఎత్తినవాళ్లు లేరు.

ఆమె ఇంట్లో ఒక రేడియో ఉంది. కష్టమైన కాన్పులో కోడల్ని బతికించినందుకు పుష్పవతిగారు తమ పాత రేడియోని ఆమెకిచ్చారు. పాతదే గాని మంచిది, ట్రాన్స్‌ఫార్మరున్న సెట్టు. ఒక మీట ఊడిపోతే ఆ చోట కృపావతి దారపు రీలు బిగించింది. స్పీకరు ముందు గుడ్డని ఎలుకలు కొడితే తన పాత చీర చింపి అతికించింది. పసుపు మీద ఎర్ర చుక్కల చీర.

వరప్రసాదరావు దాని వెనక తీగ తగిలించి, వాల్వులు వేడెక్కేదాకా ఆగి, నెమ్మదిగా మీటాడు.

గోంగూర ఒలుస్తున్న కృపావతి చెయ్యి ఆపేసింది. “అదేంట్రా! అది గిటారేనా?”

అతను కూడా అదే అనుకుంటున్నాడు. వేలి మెత్తదనం సైతం వినిపిస్తోంది. గట్టిగా మీటితే శబ్దం పగలకుండా కాస్త బొంగురుపోయి, మళ్లీ సర్దుకుంటోంది. బాలస్వామి అడిగింది ఇదే. ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

“తీసుకుపోరా,” అంది కృపావతి.

“నీకు పాటలు?”

“కాన్పుంటే ఎటూ వినను. లేకపోతే నిద్రపోతా. తీసుకుపో.”

అతను రేడియో వైపు చూశాడు. దారపు రీలు, ఎర్ర చుక్కలు. క్లబ్బులో ఆడవాళ్లు గౌన్లు వేసుకుని, తెల్లటి చేతి తొడుగులతో వస్తారు. అక్కడ ఎవరో ఒకసారి మీ నాన్నగారేం చేసేవారని అడిగితే, వ్యవసాయమని ఊరుకున్నాడు. వాళ్లు దాన్ని భూములుగా అర్థం చేసుకున్నారు. అతను దిద్దలేదు.

“చూద్దాంలే అక్కా. వాళ్లకి పెద్దదే కావాలంట,” అన్నాడు.

కృపావతి మళ్లీ గోంగూర ఒలవసాగింది. తన పాటలు పోతాయని తమ్ముడు మొహమాటపడుతున్నాడనుకుంది.

క్రిస్మస్ వారంలో క్లబ్బులో సాయంత్రం విందు, డాన్సు. వరప్రసాదరావు భవానీప్రసాద్ దగ్గర రేకు డబ్బా, స్పీకరు తీసుకుని మధ్యాహ్నానికే బెజవాడ చేరాడు. బాలస్వామి దాన్ని చూసి మొహం చిట్లించాడు. అందరూ వాయిద్యాలు సరిచేసుకుంటున్నారు. హాలుకి రంగు కాగితాలు కడుతున్న ఆడవాళ్లు గుమ్మం వైపు చూడటంతో అతనూ చూశాడు.

గుమ్మంలో కృపావతి నిలబడి ఉంది. బస్సు దుమ్ముతో జుట్టు తెల్లబడింది. చేతుల్లో దుప్పటి చుట్టిన పెద్ద మూట. దుప్పటి ఒక పక్క జారి, దారపు రీలూ ఎర్ర చుక్కల గుడ్డా కనపడుతున్నాయి. చిల్లకల్లు నుంచి అంత దూరం దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. తమ్ముణ్ణి చూసి నవ్వింది.

“ఎవరండీ ఆవిడ? మీ కోసమా?” అన్నాడు బాలస్వామి.

“మా ఊరావిడండి,” అన్నాడు వరప్రసాదరావు.

మాట నోరు దాటాకే అది తన మాటేనని తెలిసింది. కృపావతి వినేంత దగ్గర్లోనే ఉంది. ఆమె నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

“మరి ఆ రేడియో?” బాలస్వామి అడిగాడు.

కృపావతే చెప్పింది. “రిపేరుకండి. బెజవాడలో బాగా చేస్తారంటే తెచ్చా. మాస్టారుగారు ఇక్కడే ఉంటారని తెలిసి, పలకరించిపోదామని.”

“కూర్చోండమ్మా. కాస్త టీ తాగి వెళ్లండి.”

“వద్దండి, బస్సు ఎళ్లిపోద్ది.”

ఆమె దుప్పటి సర్దుకుని, మూట భుజం దాకా ఎత్తుకుని వెళ్లిపోయింది. ఇప్పుడైనా వెనక పరుగెత్తవచ్చు. అతను తల వంచుకుని, శ్రుతిలో ఉన్న తీగనే మళ్లీ శ్రుతి చేశాడు.

సాయంత్రం మొదటి పాటలోనే రేకు డబ్బా కూత పెట్టింది. గిటారు డొల్లలోకి స్పీకరు శబ్దం తిరిగి దూరి, హాలంతా రైలు కూతలా మోగింది. డాన్సు చేస్తున్నవాళ్లు చెవులు మూసుకున్నారు. ఒక చంటిబిడ్డ ఏడుపందుకుంది. బాలస్వామి పియానో ఆపకుండానే కట్టెయ్యమని కళ్లతో చెప్పాడు. వరప్రసాదరావు కట్టేసి, మిగతా పాటలన్నీ ఉత్త గిటారుతో వాయించాడు. ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రం తను వినపడకపోవడమే అతనికి మేలనిపించింది.

మర్నాడు పొద్దున్నే చిల్లకల్లు వెళితే ఇంటికి తాళం వేసి ఉంది. కాన్పుకెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ మెట్టెక్కిన వేళకి కృపావతి వచ్చింది. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. తమ్ముణ్ణి చూసి తాళం తీస్తూ, “ఆడపిల్ల. ఇద్దరూ బానే ఉన్నారు. చద్దన్నం ఉంది, తింటావా?” అంది.

“అక్కా, నిన్న నేను…”

“ముందు తిను.”

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని, పాదాలు నొక్కుకుంటూ మాట్లాడింది.

“ఊరావిడ అన్నావని కాదురా. అదీ మంటగానే ఉంది, లేదనను. కానీ బస్సులో కూర్చున్నాక వేరే సంగతి తోచింది. రిపేరుకి అన్న మాట నా నోటికి ఎంత తొందరగా వచ్చిందో చూశావా? వెతుక్కోనైనా లేదు. అంటే నువ్వెప్పుడో ఒకప్పుడు అలా అంటావని నాకు లోపల తెలుసన్నమాట. ఎప్పట్నించి తెలుసో మరి.”

అతనికి ఏడుపొచ్చింది. ఆమె ఊరుకోబెట్టలేదు. లేచి వెళ్లి మొహం కడుక్కుని, చాప పరుచుకుని పడుకుంది.

తరవాతి శనివారం అతను గిటారు లేకుండా బెజవాడ వెళ్లాడు. బాలస్వామి ఇంటి వరండాలో నిలబడే చెప్పాడు. “ఆ రోజు వచ్చినావిడ మా అక్కండి. సొంత అక్క. నన్ను పెంచింది.”

“తెలుసు మాస్టారూ,” అన్నాడు బాలస్వామి నెమ్మదిగా. “మీ ఇద్దరి మొహం ఒకటే. హాల్లో అందరికీ తెలిసింది.”

అందరికీ తెలిసి, ఎవరూ ఏమీ అనలేదు. విందులో తన ప్లేటులో కేకు ముక్క వేసి నవ్విన ప్రతి మనిషీ గుర్తొచ్చి, వరప్రసాదరావు చెవులు కాలిపోయాయి. బ్యాండు మానేస్తానన్నాడు.

“మానెయ్యడం సులువండి,” అన్నాడు బాలస్వామి. “ఆవిడ ఆ రేడియో అంత దూరం ఎందుకు మోసుకొచ్చిందో అది చెప్పండి ముందు.”

చెప్పాడు. బాలస్వామి విని, ఆ రేడియో వినాలన్నాడు.

కృపావతి కాదనలేదు. బీరువా మీద నుంచి తనే దించి, దుమ్ము తుడిచి ఇచ్చింది. క్లబ్బులో దాన్ని కుర్చీ మీద పెట్టి, వాల్వులు వేడెక్కాక వరప్రసాదరావు ఒక నెమ్మదైన పాట ఎత్తుకున్నాడు. బాలస్వామి పియానో మీద రెండు స్వరాలు వేసి చేతులు తీసేశాడు. శాక్సఫోను ఆయనా ఊదడం ఆపి విన్నాడు. ఆ రోజు నుంచి ఆ రేడియో బ్యాండులో భాగమైంది. ఎర్ర చుక్కల గుడ్డ సంగతి ఎవరడిగినా, “మా అక్క చీరండి,” అని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ గొంతు కాస్త ఎక్కువ పెద్దదయ్యేది. అది తనకే తెలిసేది.

అక్కని కూడా రమ్మని అడుగుతూ వచ్చాడు. ప్రతిసారీ ఆమెకేదో పని. టీకాలు, కాన్పు, తలనొప్పి. అతను ప్రతిసారీ బతిమాలేవాడు, ఆమె ప్రతిసారీ రాననేది. వేసవిలో ఒకరోజు ఆమె “రాలేన్రా” అనగానే, తన గుండెలో ఏదో తేలికపడటం అతను పట్టుకున్నాడు. అతి చిన్నది, కానీ ఉంది. ఆమె రాదని తెలిసే ఇన్నాళ్లూ అడుగుతున్నాడు. క్లబ్బు గుమ్మంలో అన్న మాటకంటే ఇది అతన్ని ఎక్కువ సిగ్గుపరిచింది. ఆ మాట తొందరలో జారింది. ఇది జారింది కాదు.

బస్టాండు దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చాడు.

“అక్కా, ఇప్పటిదాకా నిన్ను ఊరికే అడిగాను. నువ్వు రాకపోతే బాగుండునని లోపల ఉండేది. ఇప్పుడు నిజంగా అడుగుతున్నా. రా.”

కృపావతి లేచింది. “ఉండు, చీర మార్చుకుంటా,” అంది.

క్లబ్బులో బాలస్వామి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. “మా అక్క, కృపావతి,” అని వరప్రసాదరావు ఒక్కొక్కరికీ చెప్పాడు. ముందు వరసలో కుర్చీ వేశారు. చేతి తొడుగుల ఆవిడ ఒకరు పక్కన కూర్చుని, ఇంటి పనిమనిషి కాన్పు గురించి ఏవో అడిగారు. కృపావతి ఓపిగ్గా చెప్పింది. పాటలన్నీ చేతులు ఒళ్లో పెట్టుకుని వింది. ఒక పాట నడిమధ్యలో ఆమె వైపు చూసిన వరప్రసాదరావుకి వేళ్లు ఆగిపోయాయి. బాలస్వామి ఆ ఖాళీని పియానోతో నింపేశాడు.

తిరుగు బస్సులో, కంచికచర్ల దాటాక అడిగింది. “ఓ పాటలో నన్ను చూసి ఆగిపోయావేంట్రా?”

“వేళ్లు తప్పాయి.”

“నేను కూర్చున్నందుకా?”

కాదనడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు. “అవునక్కా,” అన్నాడు.

నందిగామలో అతను దిగలేదు. రేడియో ఒళ్లో పెట్టుకుని ఆమెతో పాటే చిల్లకల్లు దాకా వెళ్లాడు. బస్సు దిగి ఇంటి వైపు నడుస్తుంటే ఆమె అంది.

“మళ్లీ ఎప్పుడు మీ వాయింపు?”

“వచ్చే శనివారం.”

“నాలుగు రోజుల ముందు గుర్తుచెయ్యి. డ్యూటీ మార్చుకోవాలి.”