ఎడమ చెంప వంతు

మా క్లినిక్‌లో లైటు మెషిను నాది. నాదంటే, కొన్నది మేడమ్, చాకిరీ నాది. మొటిమలతో వచ్చినవాళ్ళని మంచం మీద పడుకోబెట్టి, కళ్ళకి నల్ల గాగుల్స్ పెట్టి, మూడు రెక్కల దీపాన్ని మొహం మీదికి వంచి, ఇరవై నిమిషాలు నీలం వెలుగూ ఎర్ర వెలుగూ పెట్టాలి. పదకొండేళ్ళుగా ఇదే పని. ఎవరి మొటిమలు లైటుకి లొంగుతాయో, ఎవరివి లొంగవో చూడగానే చెప్పేస్తాను. నా నోరు ఊరుకోదని అందరికీ తెలుసు. అందుకే ఈ సంగతి చెప్పుకోవాలంటే నాకు మొహం చెల్లట్లేదు.

చిలక మా రిసెప్షన్ పిల్ల. అసలు పేరు వేరే ఉందిలెండి, గడగడా మాట్లాడుతుందని నేనే అలా పిలిచాను. పంతొమ్మిదేళ్ళుంటాయి. అంతకుముందు మందుల షాపులో చేసేది. రెండు చెంపల నిండా మొటిమలని అక్కడి ఓనరు కౌంటర్లో నిలబడనివ్వలేదట, వెనక గదిలో అట్టపెట్టెలు సర్దుకోమన్నాడట. నలుగురి ముందూ తలెత్తుకు నిలబడాలి పిన్నీ, నాకింకేం వద్దు అనేది నాతో. "ఈ మొహానికి స్కిన్ క్లినిక్‌లో ఎవరిస్తారే ఉద్యోగం?" అని వాళ్ళమ్మ నవ్విందట. మేడమ్ ఇచ్చింది. ఎందుకిచ్చిందో నాలుగో రోజున తెలిసింది.

"నీకు లైటు ఫ్రీగా పెట్టిస్తాను. కాకపోతే కుడి పక్కకే," అంది మేడమ్. "రెండు నెలలపాటు ఎడమ పక్క అలాగే ఉంచుదాం. వచ్చినవాళ్ళు నీ మొహం చూస్తే చాలు, ఇక నేనేం చెప్పక్కర్లేదు. తర్వాత అటు పక్క కూడా చేసేద్దాం."

చిలక ఎగిరి గంతేసింది. మరి నేనేమన్నాను? భలే ఐడియా మేడమ్ అన్నాను. నవ్వాను కూడా.

వారానికి మూడుసార్లు పొద్దున్నే పడుకోబెట్టేదాన్ని. ముక్కు దగ్గర్నుంచి ఎడమ పక్కంతా నల్ల రబ్బరు తొడుగు వేసి, వెలుతురు చొరబడకుండా అంచులకి టేపు అంటించేదాన్ని. ఏడో వారానికల్లా కుడి చెంప నున్నగా తేలింది. ఎడమది ఉన్నది ఉన్నట్టుగానే ఉండిపోయినా బాగుండేది. రబ్బరు కింద చెమట పట్టి, టేపు పీకినప్పుడల్లా చర్మం రేగి, చిన్న చిన్న మొటిమలు కాస్తా గడ్డలు కట్టాయి. తలగడ తగిలినా మెలకువొచ్చేస్తోంది పిన్నీ అనేది. అంటే ఆ రెండు చెంపల తేడాలో కొంత లైటు చేసింది, కొంత నా చేతులు చేశాయి. జనానికి అదెలా తెలుస్తుంది? కౌంటర్ దగ్గర నిలబడి, "ఏదీ ఇటు తిరుగమ్మా, ఇప్పుడు అటు," అనేవాళ్ళు. చిలక తిరిగేది. బొమ్మని తిప్పినట్టు తిప్పి చూసి, మెచ్చుకుని, అపాయింట్‌మెంట్ రాయించుకుని పోయేవాళ్ళు.

రెండు నెలలూ అయ్యాయి. "ఇంకొక్క నెల," అంది మేడమ్. ఆ నెలా అయింది. "సెలవులకి కాలేజీ పిల్లలొస్తారు, అదొక్కటి గడవనీ," అంది. ఆవిడ చెడ్డమనిషైతే నాకు హాయిగా ఉండేది, తిట్టుకునేదాన్ని. చిలకకి జ్వరమొస్తే తన కార్లో ఇంటి దగ్గర దింపొచ్చింది. ఏ కాస్త తిన్నా మా ఇద్దరికీ పెట్టకుండా తినదు. అలాంటి మనిషితో ఎలా దెబ్బలాడతాం? అయినా ఉండబట్టలేక వెళ్ళాను. "మేడమ్, అటు పక్క గడ్డలు కడుతున్నాయి. గుంటలు పడ్డాయంటే మన లైటు పూడ్చలేదు, మీకు తెలీదా?" అన్నాను.

"తెలుసు. అంతదాకా రానిస్తానా? రోజూ చూస్తున్నాను కదా," అంది. చూస్తూనే ఉంది పాపం, రోజుకి పదిసార్లు ఆ కౌంటర్ ముందు నుంచే వెళ్తూ.

ఆ పిల్ల నడకే మారిపోయింది. మెట్లెక్కేటప్పుడు ఎడమ భుజం గోడకి రాసుకుంటూ ఎక్కేది. బస్సులో ఎడమ కిటికీ దొరక్కపోతే దిగిపోయి ఇంకో బస్సు కోసం నిలబడేది. మందుల షాపు వెనక గదే నయం, అక్కడ అట్టపెట్టెలు నన్ను చూసేవి కావు అని ఒకసారి నవ్వుతూ అంది.

అప్పుడే మేడమ్ ఏదో ట్రైనింగుకని నెల రోజులు వేరే ఊరు వెళ్ళింది. మర్నాడు పొద్దున టేపు అంటించబోతుంటే చిలక నా మణికట్టు పట్టుకుంది. "పిన్నీ, ఇవాళ ఇది వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేడమ్ మీద కాదు, నా మీద నాకే. తొడుగు తీసి చెత్తబుట్టలో పారేసి, దీపాన్ని ఎడమ చెంప మీదికి వంచాను. "ఆవిడొస్తే నేను చూసుకుంటాను, నువ్వు నోరెత్తకు," అన్నాను.

మూడో వారం దాటేసరికి గడ్డలు అణిగాయి. ఎరుపు తగ్గింది. అణిగిన చోటల్లా గుంట. ఎదురుగా చూస్తే అంత తెలియదు గానీ, పక్క నుంచి వెలుతురు పడితే లెక్కపెట్టొచ్చు. పద్నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాను.

చిలక చేతి అద్దం పట్టుకుని చాలాసేపు చూసుకుంది. "ఇంకెన్నిసార్లు పెడితే ఇవి పూడతాయి పిన్నీ?"

ఈ ప్రశ్న నన్ను వందమంది అడిగుంటారు. లైటు మొటిమలకే గానీ గుంటలకి కాదని అందరికీ మొహం మీదే చెప్పాను. ఈ పిల్లతో మాత్రం చూద్దాంలే అన్నాను. మళ్ళీ పెట్టాను. ఆ తర్వాతా పెట్టాను. ఏ లాభమూ లేదని తెలిసి తెలిసీ దీపం వంచి కూర్చోవడం ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పలేను.

నాలుగోసారి, పడుకునే అంది ఆ పిల్ల. "పూడవు కదూ."

"పూడవమ్మా."

మెషిను ఆగగానే దీపం పక్కకి జరిపాను. తొడుగు వేసింది నేనే కదా, నన్ను నాలుగు తిట్టవే అని అడగాలనిపించింది. అడిగినా తిట్టదు. అక్కడే నా ప్రాణం ఉసూరుమంది.

మేడమ్ తిరిగొచ్చింది. వస్తూనే చిలక గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పింది. తొడుగేదని అడుగుతుంది, నా ఉద్యోగం ఊడుతుంది, పోతే పోనీ, మనసులో ఉన్నదంతా కక్కేస్తాను అని కాచుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో తల్లీ. తప్పు నాదే. ముందే ఆపాల్సింది," అంది. ఊరికే అన్న మాట కాదది, నిజంగానే అంది. అంతే, నేను కూడగట్టుకున్న కోపమంతా నీరుగారిపోయింది.

"బెంగపెట్టుకోకు. నేను నేర్చుకొచ్చింది దీనికే. గుంటలకి సూదుల మెషిను తెప్పిస్తున్నాను, వచ్చే వారం వచ్చేస్తుంది. మొట్టమొదట నీకే చేస్తాను, ఫ్రీగా." చెంప నిమిరింది. "కాకపోతే మొత్తం ఒకేసారి వద్దు. ముందు సగం చేద్దాం. వచ్చినవాళ్ళకి తేడా తెలియాలి కదా."

నేను నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను.

ఈలోపే చిలక గడ్డం ఇంకాస్త పైకెత్తి పట్టుకుని అడిగింది. "పై సగమా మేడమ్, కింది సగమా?"