అత్తగారి గదికి జేబు

నడుస్తున్న ఆటోలోంచి ఫోన్ చేస్తే ఇలాగే ఉంటుంది. కొడుకు "గోతాలతో ఇల్లు కడుతున్నామమ్మా" అన్నాడు. సరిగ్గా అప్పుడే పక్కన లారీ హారన్ కొట్టింది. తల్లి చెవిలో "గోతిలో ఇల్లు" పడింది. గోతిలో పడిన మాటని పైకి తీయడం ఎవరి తరం? కూతురింట్లో ఉన్న ఆవిడ, "బతికుండగానే నన్ను పూడ్చేస్తారటే!" అని గోడ లేవకముందే గోడు లేవదీసింది.

మర్నాడు కొడుకు ఆటో ఆపి, ఫోన్ చేసి, "గోతి కాదమ్మా, గోతాలు, గోనెసంచులు!" అని గొంతు చించుకుంటే ఆవిడ కాస్త చల్లబడింది. పూర్తిగా మాత్రం కాదు. "సంచులో చెంచులో నాకు తెలీదు. నా మంచం పట్టే గది ఉంటే వస్తాను. లేదంటే మీ చెల్లి దగ్గరే ఉండిపోతాను."

ఆ మాటకి కొడుకు కంటే కోడలికే ఎక్కువ గుబులు పుట్టింది. కోడలు టైలరు. పెళ్ళైన కొత్తలో చేతికి కత్తెరిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆ అత్తగారే. ఆవిడ రాకపోతే ఎంత మంచి ఇల్లయినా గుండీల్లేని చొక్కాయే.

ఊరి చివర వాలు నేలలో పదేళ్ళ కౌలుకి తీసుకున్న జాగా అది. పునాది, సిమెంటు పెట్టే వీల్లేదు. అందుకని గోతాల్లో తడిమట్టి నింపి, వరసలుగా పేర్చి, దిమ్మిసతో కొట్టి, వరసకీ వరసకీ మధ్య జారకుండా ముళ్ళతీగ పరిచి కడుతున్నారు. ఇంటి వీపు వాలులోకి ఒదిగి ఉంటుంది కనక ఎండా చలీ తెలియవు. కౌలు తీరాక విప్పేస్తే మట్టి మట్టిలోకి పోతుంది. "గోతమే గుడ్డ, ముళ్ళతీగే దారం. దీన్ని కట్టడం అంటారేంటి, కుట్టడం అనాలి గాని" అని టైలరమ్మ వాదన.

పని చూపిస్తున్నది మట్టిమాస్టారు. ఒకప్పుడు బళ్ళో డ్రాయింగు చెప్పిన మనిషి, ఇప్పుడు ఊరూరా ఇలాంటి ఇళ్ళు కట్టిస్తాడు. పెద్ద గదికి ఆయనే గీత గీశాడు. అత్తగారి గదికి మాత్రం టైలరమ్మ ఎవర్నీ టేపు ముట్టుకోనివ్వలేదు. మాస్టారు పొరుగూరు పని మీద వెళ్ళిన నాలుగు రోజుల్లో నేల మీద తొమ్మిదడుగుల గుండ్రం తనే గీసి, నడుమెత్తు వరకూ గోడ లేపేసింది.

అయిదో రోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో మంచం దిగింది. మంచం వెనకే అత్తగారు దిగింది. ఆ వెనకే, తమాషా చూద్దామని ఆడపడుచు. అది ఏడడుగుల టేకు మంచం, మామగారి పొడవుకి చేయించినది. కప్పు ఇంకా వేయలేదు కనక నలుగురు పట్టి పైనుంచి దించబోయారు.

దిగలేదు. గోడల మీద మూతలా కూర్చుంది.

"బాగుందే!" అంది అత్తగారు. "ఇంట్లో మంచం చూశాను గాని, మంచం కింద ఇల్లు ఇదే చూడటం."

"గది తొమ్మిదడుగులు అత్తయ్యా! నేనే కొలిచాను."

అప్పుడే పొరుగూరు నుంచి తిరిగొచ్చిన మాస్టారు టేపు లాగాడు. లోపల ఆరున్నర. "గోడ మందం ఇటు అడుగుంపావు, అటు అడుగుంపావు. బయటి అంచు నుంచి కొలిచావా తల్లీ?"

టైలరమ్మ టేపు అందుకుని తనే మళ్ళీ కొలిచింది. ఆరున్నరే. ఇక అడుగులు తగ్గిన గదిలో అడుగు పెట్టమని అత్తగారిని ఏ మొహంతో అడుగుతుంది?

"వదినా, మాస్టారే తప్పు గీశారని చెప్పెయ్" అని ఆడపడుచు చెవిలో ఊదింది.

"కాదమ్మా, తప్పు నాదే" అంది టైలరమ్మ పైకే. "ఇరవై ఏళ్ళు గుడ్డలు కొలిచిన చెయ్యి. గుడ్డకి మందం ఉండదుగా! ఒంటి మీదుగా, బయటినుంచే కొలిచేదాన్ని. ఇక్కడా అలాగే కొలిచేశాను."

అత్తగారు చప్పున తలెత్తింది. "బయటినుంచి కొలవమని నీకు నేర్పిందెవరే?"

"మీరే."

"మరి! ఆ బుద్ధి నాది. చెయ్యి నీదైనా తప్పులో సగం నాది." ఆవిడ కొంగు దోపుకుంది. "సరే, చొక్కా బిగుతైతే ఏం చేస్తాం? తగలెడతామా?"

"చంక కింద ముక్క వేస్తాం" అంది టైలరమ్మ మెల్లగా. అంటూనే వాలు వైపు గోడ చూసింది. "అత్తయ్యా, వెనకంతా మట్టేగా! అటు కుట్లు విప్పి, మంచం కాళ్ళవైపు దూరేంత లోపలికి తవ్వితే?"

"అటక లాగానా?"

"జేబు లాగా!"

మాస్టారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. చుట్టూ చెక్క చట్రం పెట్టి, వెనక చెమ్మ రాకుండా ప్లాస్టిక్ పట్టా పరిస్తే, పై వరసలు దాని మీదుగా పోనివ్వచ్చన్నాడు. గోతాలు విప్పారు. కొడుకు గడ్డపార అందుకున్నాడు. మధ్యాహ్నానికి రెండడుగుల లోతు అయింది. ఎండ నెత్తి మీద పెనంలా ఉంది. అత్తగారు వచ్చి చూసి, కాసేపు తటపటాయించి, గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి చాచింది.

"అబ్బ! ఒసే, ఇక్కడ ఎంత చల్లగా ఉందే!"

కాసేపటికి చూస్తే గోడకి తల ఆనించి గుర్రు. చట్రం బిగించాల్సిన వాళ్ళు గంటసేపు పనాపి, గుసగుసలాడుకుంటూ నిలబడ్డారు.

నెల తిరక్కుండా కప్పు పడింది. మంచం కాళ్ళు జేబులో, తల గదిలో. గృహప్రవేశం నాడు వచ్చిన ప్రతి మనిషీ "గదికి ఆ సంచేమిటి?" అని అడిగేవాళ్ళే. కోడలు నోరు తెరిచేలోపు అత్తగారు టేపు పట్టుకుని అందర్నీ గుమ్మం దగ్గరికి పిలిచింది.

"ఇలా రండి. కొలత ఇక్కణ్ణుంచి తీయాలి, లోపలి అంచు నుంచి. మా కోడలు అదిగో, ఆ బయటి అంచు నుంచి తీసింది. గుడ్డకి మందం లేదని గోడకీ లేదనుకుంది. ఎందుకనుకుంది? నేను నేర్పాను కనక! అర్థమైందా? వెనక నించున్నాయనా, నీకు వినపడిందా?"