పేపరు చదివే బొమ్మ

కొండపల్లి బొమ్మల కాలనీలో సంజీవరావు ఇంటి అరుగు మీద కూర్చుని శౌరయ్య రోజూ పొద్దున్నే పేపరు చదివేవాడు. ఎదురింటి మాణిక్యమ్మ కొడుకు. బెజవాడలో బి.ఏ. చదివాడు. తొంభై మూడులో ఒక ప్రభుత్వ కార్పొరేషన్‌లో గుమాస్తా ఉద్యోగాలకు పరీక్ష రాశాడు. ఫలితాలు పేపర్లో నంబర్లుగా వేస్తారు. వాళ్ళింట్లో పేపరు వేయించుకోరు కాబట్టి ఇక్కడికి వచ్చేవాడు.

ఒక మోకాలు పైకి ముడుచుకుని, పేపర్ని నాలుగు మడతలు పెట్టి, చూపుడువేలు ఒక్కో వరసకీ ఆనిస్తూ చదివేవాడు. సంజీవరావు బొమ్మలకు వాడే మెత్తటి పొణికి చెక్క చెక్కుతూ అతన్ని చూసేవాడు. అంబారీ ఏనుగులు, తాటిచెట్టెక్కే గీతవాళ్ళు, దశావతారాలు, ముప్పై ఏళ్ళుగా చేసినవే చేసి ఆయనకు విసుగెత్తింది. ఒకరోజు ఆ కూర్చున్న మనిషినే చెక్కాడు. తలా చేతులూ విడిగా చేసి చింతగింజల ముద్దతో అతికించాడు. భార్య రామతులసి రంగులు వేసింది. చేతిలోని పేపరు మీద సన్న కుంచెతో అక్షరాల్లా కనబడే నల్ల గీతలు గీసింది.

శౌరయ్యకు చూపిస్తే నవ్వాడు.

"నా మెడ ఇంత వంగుద్దా బాబాయ్?"

"ఇంకా ఎక్కువే వంగుద్ది. పాపం అని తగ్గించా."

బెజవాడలో బొమ్మల షాపు మేనేజరు మొదట ఇరవై అడిగాడు. నెల తిరక్కుండా మరో యాభై కావాలన్నాడు. రెండేళ్ళకి ఇంట్లో ఇంకో బొమ్మ చెయ్యడానికి తీరిక లేకుండా పోయింది.

ఫలితాలు మాత్రం రాలేదు. ఎవరో కోర్టుకు వెళ్ళారు. తొంభై ఏడులో, లోపలి పేజీలో, అడుగున నాలుగు లైన్ల వార్త పడింది. శౌరయ్య దాన్ని గట్టిగా చదివి వినిపించాడు. పరీక్ష రద్దు. మళ్ళీ ఎప్పుడు పెట్టేదీ తర్వాత చెబుతారు.

"మళ్ళీ పెడతారుగా" అంది రామతులసి.

"పెడతారు పిన్నీ."

మర్నాడు మామూలుగానే వచ్చాడు. ఆ తర్వాత మూడేళ్ళూ వచ్చాడు. మళ్ళీ పరీక్షకి నోటిఫికేషన్ పడేసరికి అతనికి వయసు దాటిపోయింది. అయినా రావడం మానలేదు. పొద్దున్న ఇంకేం చెయ్యాలో అతనికి తెలియలేదేమో.

రెండువేల రెండులో హైదరాబాదు నుంచి ఒక కుటుంబం బొమ్మలు కొనడానికి కాలనీకి వచ్చింది. అరుగు మీద శౌరయ్యని చూసి వాళ్ళ పెద్దమ్మాయి ఆగిపోయింది.

"డాడీ, బొమ్మలో ఉన్నది ఈయనే."

అందరూ చుట్టూ చేరారు. పక్కన బొమ్మ పెట్టి, పేపరు కాస్త కిందికి దించమని చెప్పి, ఫొటోలు తీసుకున్నారు. శౌరయ్య వాళ్ళు చెప్పినట్టే కూర్చున్నాడు.

"మీరేం చేస్తుంటారండీ?" అని అడిగాడు ఆ అమ్మాయి తండ్రి మర్యాదగా.

"పేపరు చదువుతుంటానండి" అన్నాడు శౌరయ్య.

వాళ్ళు నవ్వారు. హాస్యమనుకున్నారు.

కారు వెళ్ళిపోయాక శౌరయ్య పేపరు మడిచి గూట్లో పెట్టాడు. "బాబాయ్, ఆ బొమ్మ ఇంక చెయ్యకండి."

"సరేరా" అన్నాడు సంజీవరావు.

నిజంగానే మానేశాడు. ఏనుగులు చేసి పంపితే మేనేజరు తీసుకోలేదు. పేపరు మనిషికి మీసాలు పెట్టి, తలపాగా చుట్టి పంపాడు. అవీ తిరిగొచ్చాయి. "పాత మొహమే కావాలంటున్నారండి. దసరాకి ఎనభై పంపండి, లేదా నేను వేరేవాళ్ళ చేత చేయించుకుంటా" అని కబురు. సంజీవరావు రెండు రోజులు చెక్క ముట్టుకోలేదు. మూడోరోజు పాత మొహమే చెక్కాడు.

సున్నం పూత ఆరడానికి వాటిని వాకిట్లో ఎండబెట్టారు. ముప్పై నలభై మంది తెల్లటి శౌరయ్యలు, ఒక్కొక్కరూ మోకాలు ముడుచుకుని. అసలు శౌరయ్య పేపరు కోసం వచ్చి, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాడు. మళ్ళీ రాలేదు.

అతను రైల్వే స్టేషన్లో మూటలు ఎత్తే పనికి పోతున్నాడని మాణిక్యమ్మ చెప్పింది. ఒక మధ్యాహ్నం సంజీవరావు అక్కడికి వెళ్ళాడు. శౌరయ్య గోనెబస్తాల పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు.

"తప్పైపోయిందిరా. రేపట్నుంచీ మానేస్తా."

శౌరయ్య చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"మీరు మానేస్తే నాకేమన్నా ఉద్యోగం వస్తుందా బాబాయ్?"

సంజీవరావు బస్తాల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"చేసుకోండి. నాకు కోపం లేదు. నన్ను చూసి కొనుక్కుంటున్నారు, మీ పొట్ట గడుస్తుంది. అదన్నా అయింది." తలగుడ్డ దులిపి అన్నాడు: "అరుగు మీదకి మాత్రం రమ్మనకండి."

గూడ్సు బండి వచ్చింది. అతను తలగుడ్డ చుట్టుకుని లేచాడు.

సంజీవరావు నడిచే ఇంటికి వచ్చాడు. ఆ దసరాకి ఎనభై బొమ్మలూ బెజవాడ వెళ్ళాయి. సంక్రాంతికి నూట ఇరవై అడిగారు.