మూడో వరుస కుర్చీ

పార్సిల్ వచ్చేసరికి నేను దొండకాయలు తరుగుతున్నాను. తలుపు తీసి, అట్టపెట్టెను కాలితో లోపలికి జరిపి, చేతిలో ఉన్న కత్తితోనే టేపు కోశాను. విజయవాడ ప్రెస్సు నుంచి కార్గోలో వచ్చిన పెట్టె. లోపల నేను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న పుస్తకాలు. చున్నీకి చేతులు తుడుచుకుని, పైనున్న దాన్ని తీసి అట్ట చూశాను.

అరువు గొంతు. ఇటాలియన్ మూలం: ఓర్నెల్లా దల్ప్రా. అనువాదం: లక్ష్మీనారాయణ.

లక్ష్మీనారాయణ నా భర్త. ఆయనకు ఇటాలియన్‌లో రెండు మాటలు వచ్చు. రెండూ తినేవే.

లోపలి పేజీ తిప్పాను. 'ఈ గ్రంథాన్ని టైపు చేయడంలో ఎంతో సహకరించిన నా అర్ధాంగి ఇంద్రజకు' అని వాలు అక్షరాలతో ఉంది. నేను ఏడవలేదు. పుస్తకాన్ని పెట్టెలో పెట్టేసి మిగిలిన దొండకాయలు తరిగాను. వేపుడు పొయ్యి మీద ఉండగానే ఆయన బ్యాంకు నుంచి వచ్చారు.

"ఏవండీ, అట్ట మీద మీ పేరు పడింది."

"పడడమేంటి, వేయించాను," అన్నారు షూ విప్పుకుంటూ. "ప్రింటు బాగా వచ్చిందా?"

"అనువాదం చేసింది నేను."

"ఎవరు కాదన్నారు?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "చూడు ఇంద్రా, సాహిత్యంలో నువ్వెవరో ఎవరికి తెలుసు? నాకు మూడు కవితా సంపుటాలున్నాయి. నా పేరుంటే నలుగురు తెరిచి చూస్తారు. పుస్తకానికే మంచిది. అయినా భాషంతా నేను దిద్దలేదూ?"

దిద్దిన మాట నిజమే. నేను 'గిన్నె' అని రాసిన చోటల్లా 'పాత్ర' అని మార్చారు. 'ఏడ్చింది' అన్నదాన్ని 'అశ్రువులు రాల్చింది' చేశారు. అవన్నీ నేను ప్రూఫుల్లో మళ్ళీ వెనక్కి మార్చాను. ఆ ప్రూఫులు ఆయన చూడలేదు. చివరిగా ప్రెస్సుకు పంపించింది మాత్రం ఆయనే. అట్ట సంగతి నాకు చెప్పకుండా.

"మనలో మనకి నీదీ నాదీ ఏంటే?" అన్నారు. నాదేదైనా తీసుకునేటప్పుడే ఆయనకు ఆ మాట గుర్తొస్తుంది.

భోజనాలయ్యాక వీడియో కాల్‌లో మా అత్తగారు సత్యకుమారి కనిపించారు. తెనాలిలో మంచం మీద కూర్చుని కొడుకు పుస్తకం అట్ట చూసి మురిసిపోయారు. నా మొహం చూసి ఏదో అర్థమైనట్టుంది. "ఏమ్మా ఇంద్రజా, మొగుడి పేరొస్తే నీ పేరొచ్చినట్టే కదా. ఇక నుంచి నలుగురిలో లక్ష్మీనారాయణ పెళ్ళాం ఎవరంటే నిన్నే చూపిస్తారు," అన్నారు. అది ఆవిడ ఓదార్పు. అంతకంటే పెద్ద బహుమతి ఆవిడ జీవితంలో ఎవరూ ఆవిడకు ఇవ్వలేదు.

నాకు ఇటాలియన్ ఇక్కడే, మేముండే ఈ గల్ఫ్ దేశంలోని సిత్రాలో వచ్చింది. రిఫైనరీ పనులు తీసుకున్న ఒక ఇటలీ కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగులు, కాగితాలు భద్రపరిచే ఉద్యోగం నాది. ఆఫీసు వాళ్ళకు భాష నేర్పడానికి కంపెనీ ఒక టీచరమ్మను పెట్టింది. మొదటి నెలకే సగం మంది మానేశారు. ఏడాదికి క్లాసులో నేనొక్కదాన్నే మిగిలాను. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని పని ఒకటి నా చేతిలో ఉండడం నాకు బాగుండేది.

రోజూ పని మొదలయ్యే ముందు ఇంజనీరు కూలీలందరినీ నిలబెట్టి ఆ రోజు ప్రమాదాలు చెబుతాడు. ఏ పైపు కాలుతోంది, ఏ ట్యాంకులో గ్యాస్ ఉంది, ఎక్కడ బెల్టు కట్టుకోవాలి. ఆయన ఇంగ్లీషు రెండు వాక్యాల తర్వాత ఇటాలియన్‌లోకి జారిపోతుంది. వినేవాళ్ళలో సగం మంది నిజామాబాద్, జగిత్యాల వైపు వాళ్ళు. ఒకసారి ఒకతను అర్థంకాక వేడి పైపు పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు. ఆ మర్నాటి నుంచి నేను వెళ్ళి ఇంజనీరు పక్కన నిలబడుతున్నాను. ఆయన ఒక ముక్క, నేనొక ముక్క. ఇది నా ఉద్యోగంలోకి వస్తుందా అని అడిగితే, "రాదు మేడమ్, అది మీ మంచితనం," అన్నాడు హెచ్ఆర్ అతను. మంచితనానికి వేరే గ్రేడు లేదట.

ఆ గుంపులో పరశురాం అని ఒక వెల్డరు ఉన్నాడు. "అక్కా, సారు చేతులు ఊపుకుంట గంతసేపు మాట్లాడిండు. నువ్వు రెండు ముక్కల్ల ఖలాస్ జేస్తివి. మిగిలింది ఏం దాస్తున్నవ్?" అన్నాడొకసారి.

"మిగిలినవి తిట్లు."

"గవి గూడ చెప్పక్కా. నేర్సుకుంటం."

అందరూ నవ్వారు. అర్థం కాకపోయినా ఇంజనీరు కూడా నవ్వాడు.

ఓర్నెల్లా మా ప్రాజెక్టు మేనేజరు తల్లి. భర్త పోయాక బుదైయాలో కొడుకు విల్లాకు వచ్చేసింది. "మా అమ్మకు కాస్త మాట్లాడే మనిషి కావాలి," అన్నాడు మేనేజరు. అది కూడా నా మంచితనం ఖాతాలోకే వెళ్ళింది. శనివారాలు ఆవిడను కారులో ఎక్కించుకుని తోటల దగ్గర కూరగాయల సంతకు తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ టమాటాలు ఒక్కొక్కటీ వాసన చూసి కొనేది. బేరం ఆడేటప్పుడు నన్ను ముందుకు నెట్టేది. ఆవిడ రచయిత్రి అని నాకు మూడో నెలలో తెలిసింది.

టురిన్‌లో పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ ఇంగ్లీషు నవలలు ఇటాలియన్‌లోకి అనువదించింది. పొద్దున పిల్లవాణ్ణి బడికి పంపాక వంటింటి బల్ల మీద కూర్చుని రాసేది. అట్టల మీద భర్త పేరు ఉండేది. ఆయన ప్రొఫెసరు, ఇంగ్లీషు చదవగలడు కాని నలుగురిలో పెదవి విప్పలేడు. "బహుమతులు కూడా వచ్చాయి," అంది ఓర్నెల్లా వంకాయ ఒకటి తిప్పి చూస్తూ. "ప్రతివారం వాటి మీద దుమ్ము నేనే తుడిచేదాన్ని. ఆ విధంగా నాకూ అందాయి." ఆయన పోయాక, డెబ్బై దాటిన వయసులో, తన పేరుతో ఆవిడ రాసిన ఒకే ఒక్క పుస్తకం అరువు గొంతు. అది నేను తెలుగు చేస్తానంటే నా వైపు చాలాసేపు చూసి, "తప్పకుండా చెయ్యి. నీ పేరుతో చెయ్యి," అంది.

ఆ పుస్తకం ఆవిడ సొంత జీవితమే. అందులో ఒక సభ ఉంది. ఇంగ్లండు నుంచి ఒక నవలాకారుడు టురిన్ వస్తాడు. వేదిక మీద తన అనువాదకుణ్ణి, అంటే ప్రొఫెసరును, ఏదో అడుగుతాడు. ప్రొఫెసరుకు జవాబు రాదు. ఆయన చూపు మూడో వరుసలో కూర్చున్న భార్య మీదకు వెళుతుంది. 'అప్పుడు నేను లేచాను' అన్న వాక్యంతో ఆ అధ్యాయం ముగుస్తుంది. మిగిలింది ఆవిడే నాకు చెప్పింది. వెళ్ళి పక్కన నిలబడి అన్నిటికీ జవాబు చెప్పిందట. చప్పట్లు ఆయనకు కొట్టారు. చేతిలో చెయ్యి వేసుకుని ఇంటికి వెళ్ళారు. ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్ళు అలాగే గడిచింది.

పార్సిల్ వచ్చిన తర్వాతి శనివారం ఒక ప్రతి ఆవిడకు తీసుకెళ్ళాను. ఆవిడ తెలుగు అక్షరాల మీద వేలు నడిపిస్తూ, "ఎంత గుండ్రంగా ఉన్నాయి! ఇందులో నీ పేరు ఏది?" అంది.

లోపలి పేజీ తెరిచి చూపించాను.

"ఇక్కడెందుకు ఉంది? ఏమని రాసి ఉంది?"

పొద్దున పూట కూలీలకు చెప్పినట్టే చెప్పాను. ఒక్క మాట వదలకుండా, నా తరఫున ఏదీ కలపకుండా. నా గొంతు మారలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "టైపు," అంది. "వచ్చే శుక్రవారం పుస్తకావిష్కరణ సభలో నువ్వు ఎక్కడ కూర్చుంటావు?" అని అడిగింది.

"మూడో వరుస. ముందు రెండూ స్పాన్సర్లకు."

ఆవిడ లేచి వెళ్ళి నాకు అంజూరపు పళ్ళు తెచ్చి పెట్టింది.

ఆ రోజు రాత్రే ఆయన్ను ఒకే ఒక్కటి అడిగాను. "అట్ట మార్చక్కర్లేదు. సభలో ఒక్క మాట చెప్పండి, చేసింది ఇంద్రజ అని. నాకు చాలు."

"చూద్దాంలే," అన్నారు. "ముందు పులిహోర సంగతి చూడు. కమిటీలో నీ వంతు అదే వేశాను. ఇంకో మాట, సభకి వస్తున్న ఓర్నెల్లా మేడమ్‌కి ఇంగ్లీషు వచ్చు కదా, స్టేజీ మీద నేను ఇంగ్లీషులో మేనేజ్ చేస్తాను. నువ్వేం టెన్షన్ పడకు."

నేను పడలేదు. చింతపండు నానబెట్టాను.

శుక్రవారం సాయంత్రం రిఫాలో అద్దె హాలు నిండింది. మా తెలుగువాళ్ళ మిత్రమండలి సభ అంటే సగం మంది భోజనానికే వస్తారు. యాంకరు లక్ష్మీప్రసన్న మైకు తీసుకోగానే, "మనందరికీ ఇష్టమైన పులిహోర స్వయంగా చేసి తెచ్చిన ఇంద్రజగారికి ఒక్కసారి చప్పట్లు!" అంది. గట్టిగానే కొట్టారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. మెరుపు కాగితం చింపి, రిబ్బను విప్పి పుస్తకాన్ని ఎత్తి చూపించారు. ఓర్నెల్లాకు శాలువా కప్పారు. నా భర్తకు శాలువా కప్పి దండ వేశారు.

తర్వాత ఆయన మాట్లాడారు. ఆ ఒక్క మాట కోసం నేను చెవులు అప్పగించి కూర్చున్నాను. "ఈ పుస్తకం కోసం ఇటాలియన్ భాషతో కుస్తీ పట్టాను మిత్రులారా," అన్నారు. "ఒక్కో వాక్యం నా దగ్గర చమట తీసింది." హాలు నవ్వింది. తెనాలిని తలుచుకున్నారు, అమ్మను తలుచుకున్నారు, ప్రెస్సు వాళ్ళను తలుచుకున్నారు. "నా శ్రీమతి సహనానికి కూడా ధన్యవాదాలు," అని ముగించారు. నా ఒక్క మాట కాస్తా సహనం అయింది.

ఓర్నెల్లా లేచింది. శాలువాను చక్కగా మడిచి కుర్చీ మీద పెట్టింది. ముందు ఇంగ్లీషులో, అందరికీ అర్థమయ్యేలా, నెమ్మదిగా చెప్పింది. "నేను చాలా అదృష్టవంతురాలిని. ఇంటికి ఇంత దూరంలో నా భాష తెలిసిన అనువాదకుడు నాకు దొరికాడు. కాబట్టి ఈ రోజు ఆయనతో నా భాషలోనే మాట్లాడతాను." సభ చప్పట్లు కొట్టింది. నా భర్త కూడా కొట్టారు. ఆవిడ ఆయన వైపు తిరిగి, చిరునవ్వుతో, ఇటాలియన్‌లో అడిగింది.

"ఈ పుస్తకంలో మీకు అన్నిటికంటే కష్టమైన వాక్యం ఏది?"

ఆయన తలూపారు. ఆవిడ ఆగింది. ఆయన మళ్ళీ తలూపి, "యస్, యస్. థాంక్యూ," అన్నారు. ఆవిడ అదే ప్రశ్న ఇంకా నెమ్మదిగా అడిగింది. ముందు వరుసలో ఎవరో దగ్గారు. లక్ష్మీప్రసన్న అటూ ఇటూ చూసింది. ఆయన చూపు మొదటి వరుస మీద నుంచి, రెండో వరుస మీద నుంచి దాటుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఇంద్రా, ఒకసారి ఇలా రా," అన్నారు మైకులో, నవ్వుతూ. "మేడమ్ యాస కొంచెం వేరేగా ఉంది. ఏమంటున్నారో సభకి చెప్పు."

ఇటాలియన్ వినిపిస్తే చాలు, నా నోట్లో తెలుగు తయారవుతుంది. అది నేను ఆపేది కాదు. ఆవిడ ప్రశ్న పూర్తయ్యేసరికే మాటలన్నీ నాలుక చివర వరసగా నిలబడ్డాయి. కాళ్ళు కూడా కదిలాయి. ఏళ్ళ తరబడి ఎవరో ఒకరి పక్కకు వెళ్ళి నిలబడిన కాళ్ళు అవి. లేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆయన జవాబు నేను చెబుతాను, మంచి జవాబు చెబుతాను, చప్పట్లు ఆయనకు కొడతారు. కారులో వెళ్ళేటప్పుడు, "చూశావా, మనిద్దరం వేరా?" అంటారు. రేపు ఇంకో పుస్తకం వస్తుంది. నేను టైపు చేస్తాను. లేవకపోతే ఏమవుతుందో మాత్రం నాకు తెలియదు. ఓర్నెల్లాకూ తెలియదు. ఆవిడ పుస్తకంలో ఆ పేజీ లేదు.

పక్క కుర్చీలో ఉన్న పద్మజ నా మోచెయ్యి పొడిచింది. "ఏంటి ఇంద్రజా, పిలుస్తున్నారుగా. వెళ్ళు, బాగుండదు."

ఆ వాక్యం ఏదో నాకు తెలుసు, టురిన్ సభ అధ్యాయంలో చివరిది. పుస్తకం మొత్తంలో అంత తేలికైన వాక్యం ఇంకొకటి లేదు. క్లాసులో మొదటి నెల మానేసినవాళ్ళు కూడా దాన్ని తెలుగు చేసేస్తారు. నేను మాత్రం వారం రోజుల పాటు దాని ముందు కూర్చున్నాను. రోజూ కంప్యూటరు తెరవడం, ఆ చోటు దాకా వచ్చి కూర కలపడానికి వెళ్ళిపోవడం. చివరికి కళ్ళు మూసుకుని కొట్టాను.

నేను లేవలేదు.

కుర్చీలోంచే, మూడో వరుసలోంచే, ఓర్నెల్లాకు ఇటాలియన్‌లో జవాబు చెప్పాను. ఆ వాక్యం చెప్పాను. వారం ఎందుకు పట్టిందో కూడా చెప్పాను. సిత్రాలో ఎండలో అరిచే గొంతు కాబట్టి మైకు అవసరం పడలేదు. ముందు రెండు వరుసలూ వెనక్కి తిరిగాయి. ఓర్నెల్లా పూర్తిగా విని, తల వంచింది. నా భర్త ముఖం మీది నవ్వు ఇంకా పోలేదు కాని, అది ఎందుకు ఉందో ఆయనకే తెలియనట్టుంది.

"ఏమన్నావు?" మైకు పక్కకు తిప్పడం ఆయన మరిచిపోయారు. ఆ మాట హాలంతా వినిపించింది. "ఆవిడ ఏమంది, నువ్వేమన్నావు ఇంద్రా?"

కూర్చునే చెప్పాను.

"మీరే చెప్పండి. అనువాదం మీది కదా."