ఆకుపచ్చ చుక్క

మా చుట్టాల వాట్సాప్ గ్రూపుకి నేను కంప్యూటర్లో ఒక బొమ్మ తయారుచేశాను. ఏడాది పొడుగునా ఎవరి మాటకి ఎవరు బదులిచ్చారో తెరమీద కదులుతూ కనిపించే బొమ్మ. కంపెనీలకి ఇలాంటివి చేసిపెట్టడమే నా ఉద్యోగం. ఇంట్లోవాళ్ళ చేత కూడా ఒకసారి శభాష్ అనిపించుకుందామని బుద్ధి పుట్టింది. చెల్లెలు కొత్త ఇంట్లోకి మారిందని అందరూ భోజనాలకి వచ్చిన రోజున, చేతులు కడుక్కోగానే టీవీకి లాప్‌టాప్ తగిలించాను.

మనిషికో చుక్క. మెసేజ్ పెడితే చుక్క మెరుస్తుంది, బదులొస్తే ఇద్దరి మధ్యా గీత పడుతుంది. బదులు ఎక్కువగా వచ్చేవాళ్ళు నడిమధ్యకి చేరతారు. నా చుక్క అక్కడే ఉంది. చూసుకుని మురిసిపోయాను, అబద్ధమెందుకు?

"ఇందులో నేనేదిరా?" అంది పెద్దమ్మ, కుర్చీ ముందుకి లాక్కుంటూ. పెదనాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. రోజూ పొద్దున్నే గ్రూపులో పువ్వుల బొమ్మ పెట్టేది ఆవిడే.

"అదిగో, ఆ ఆకుపచ్చది."

ఆకుపచ్చ చుక్క రోజూ మెరుస్తోంది. గీత మాత్రం పడటం లేదు. మెల్లగా అంచుకి జరిగింది. బొమ్మలో ఎండాకాలం వచ్చేసరికి నడిమధ్యన మా గీతలు సాలెగూడులా అల్లుకున్నాయి. బావ కొనబోయే కారుకి ఏ రంగు బాగుంటుందన్న చర్చ అది. సరిగ్గా అప్పుడే అంచున ఆకుపచ్చది టపటపా మెరిసింది.

"అత్తయ్య డిస్కో లైటేశారే!" అన్నాడు బావ. అందరం పగలబడి నవ్వాం. పెద్దమ్మా నవ్వింది.

"ఆవేళ నా కంటి ఆపరేషన్ బాబూ. తోడు ఎవరైనా వస్తారేమోనని అడుగుతున్నా."

బొమ్మ ఆపాలని నాకు తోచలేదు. అది దాని మానాన అది నడుస్తూనే ఉంది. ఆకుపచ్చ చుక్క వెలిసి వెలిసి మాయమైపోయింది.

"అదేంటి, నేనెటు పోయాను?"

"బదులు రానివాళ్ళని ప్రోగ్రాం తీసేస్తుంది పెద్దమ్మా," అన్నాను. ఆఫీసులో చెప్పీ చెప్పీ నోటికి అలవాటైన మాట. అనేశాక నాలిక కరుచుకున్నాను.

"పాపం, ప్రోగ్రామేం చేసిందిలే," అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మెసేజ్ నేను చూశాను. ఎవరో ఒకరు వెళ్తార్లే అనుకున్నాను. అనుకుని, కారుకి ఎరుపే బాగుంటుందని వాదించాను. గదిలో ఉన్నవాళ్ళందరూ అలాగే అనుకుని ఉంటారు. చెల్లెలు ఎవరూ అడక్కుండానే ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది.

పెద్దమ్మ సంచిలోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"ఈ గ్రూపులోంచి బయటికెలా రావాలో కాస్త చూపించు నాన్నా. నాకు తెలీదు."

వద్దు పెద్దమ్మా, అనాలి. తప్పయిపోయింది, అనాలి. ఎవరో ఒకరు అంటారేమోనని చుట్టూ చూశాను. అందరూ నావంకే చూస్తున్నారు.

ఎక్కడ నొక్కాలో చూపించాను.